అక్షరాలు కనబడని కీబోర్డు

రాజమండ్రి,
జూలై 7, 2024.

ప్రియమైన పెదనాన్నకి తబిత వందనాలు.

మీకు ఫోనులో వినపడదు, మాకు హాస్టల్లో ఫోనివ్వరు. అందుకని ఉత్తరం. మా వార్డెన్ సువార్తమ్మగారు "ఈ రోజుల్లో ఉత్తరాలేంటమ్మా?" అని కవరును వెలుతురుకి పట్టి మరీ చూశారు. మా పెదనాన్నగారు రామచంద్రపురంలో టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారండి, ముప్పై ఏళ్ళు మిషన్ల మోతలో కూర్చుని చెవులు పాడుచేసుకున్నారండి అని చెప్పాక నమ్మారు.

అసలు సంగతికి వస్తాను. డిప్లొమా రెండో సంవత్సరంలో సొంత లాప్‌టాప్ ఉంటే మంచిదని మా మేడం చెప్పారు. తప్పనిసరి అనలేదు గానీ క్లాసులో సగం మంది అప్పుడే తెచ్చేసుకున్నారు. ల్యాబ్‌లో మాకు ముగ్గురికి ఒక కంప్యూటరు. నాతో సాయిదుర్గ, గణేష్‌బాబు ఉంటారు. ఇద్దరూ మంచివాళ్ళే, కానీ గణేష్‌బాబు అరనిమిషం ఆగలేడు. నేను ఒక్క అక్షరం కోసం వెతుక్కుంటుంటే చాలు, "జరుగు తబితా, నేను కొట్టేస్తా" అంటాడు. నేను జరుగుతాను. ప్రోగ్రామ్ ఎలా రాయాలో చాలాసార్లు చెప్పేది నేను, కొట్టేది అతను. అలా గంట అయిపోతుంది. పోయిన ఏడాదంతా అలాగే అయిపోయింది.

నాన్న మండపేటలో మిల్లు ఓనరుగారిని అడిగి ముప్పై వేలు సర్దుతానన్నారు. అంతకు మించి ఆయన వల్ల కాదు. ఏది కొనాలో మాత్రం ఆయనకి తెలియదు. "మిషనంటే మా అన్నయ్యకే తెలియాలమ్మా. ఆయన ఏది చూపిస్తే అదే" అని ఒకటే మాట. పెదనాన్నా, మీకు మిషన్లు తెలుసు, కాదనను. కానీ ఇది టైప్‌రైటరు కాదు కదా! అందుకని మా మేడం చెప్పినవన్నీ వెనక పేజీలో రాశాను. ర్యామ్ ఎనిమిది జీబీ ఉండాలి, ఎస్‌ఎస్‌డీ ఉండాలి, బ్యాటరీ కనీసం నాలుగు గంటలు రావాలి. దయచేసి ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళండి. రంగు మీ ఇష్టం. వెండి రంగైతే బాగుంటుంది.

సంపూర్ణమ్మ పెద్దమ్మకి నా వందనాలు చెప్పండి.

మీ తబిత


రామచంద్రపురం,
16-7-2024.

చిరంజీవి తబితకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎడమవైపు మార్జిను వదల్లేదు. పేరాకీ పేరాకీ మధ్య ఖాళీ లేదు. అయినా విషయం అర్థమైంది.

మొన్న శనివారం కాకినాడ వెళ్ళాను. మీ పెద్దమ్మ కూడా బయలుదేరింది. నువ్వెందుకే అంటే, "మీరడిగింది వాళ్ళకీ, వాళ్ళు చెప్పింది మీకూ ఎవరు చెబుతారండీ?" అంది. నిజమే కనక తీసుకెళ్ళాను.

ముందు ఒక పెద్ద అద్దాల షాపుకి వెళ్ళాం. అక్కడ టై కట్టుకున్నాయన ప్రతి లాప్‌టాప్‌లోనూ సినిమా వేసి చూపిస్తాడు. మనకు సినిమా దేనికి? నేను కళ్ళు మూసుకుని వేళ్ళు పెట్టి ఒక పేరా కొట్టి చూశాను. అప్పడాల మీద కొట్టినట్టుంది. ఇంకోటి చూశాను, అదీ అంతే. అలా ఆరు చూశాను. చివరికి ఆయన మీ పెద్దమ్మని పక్కకి పిలిచి, "సార్‌గారు ఊరికే కళ్ళు మూసుకుంటున్నారండి, ఒంట్లో బాగోలేదా అండి?" అని అడిగాడట. బయటికొచ్చాక చెప్పి, రోడ్డు మీదే పడీపడీ నవ్వింది.

తర్వాత బుజ్జిబాబు కొట్టుకి వెళ్ళాం. నా దగ్గర టైపు పరీక్షలు లోయరూ హయ్యరూ రెండూ ఫస్టు క్లాసులో పాసైన శిష్యుడు. ఇప్పుడు వాడికీ జుట్టు నెరిసింది. పెద్ద ఆఫీసుల్లో మూడేళ్ళు వాడి తీసేసిన లాప్‌టాప్‌లు తెచ్చి, విప్పి బాగుచేసి, ఏడాది గ్యారంటీ రాసిచ్చి అమ్ముతాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నల్లది ఒకటి నా ముందు పెట్టి, "మాస్టారూ, ఇది కొట్టి చూడండి" అని చెవి దగ్గర అరిచాడు.

కొట్టాను. ఎన్నాళ్ళకు తబితా! కీ కిందికి వెళ్ళిన సంగతి వేలికి తెలుస్తుంది, పైకి వచ్చిన సంగతీ తెలుస్తుంది. రెండు పేజీలు ఆపకుండా కొట్టాను. కొట్లో ఉన్నవాళ్ళు బేరాలు మానేసి నా చుట్టూ చేరారు.

నీ కాగితం మర్చిపోలేదు. బుజ్జిబాబుకి ఇచ్చాను. అందులో రాసినవన్నీ ఉన్నాయన్నాడు. బ్యాటరీ కొత్తది వేసి ఇస్తాడట. ఇరవై మూడు వేలు. మీ నాన్నకి చెబితే, "ఏడు వేలు మిగిలాయా!" అని సంతోషపడ్డాడు. కొంచెం బరువు, కొంచెం లావు. రంగు నలుపు.

పెదనాన్న,
జీవరాజు


రాజమండ్రి,
జూలై 24.

ప్రియమైన పెదనాన్నకి,

ఈసారి మార్జిను వదిలాను, చూసుకోండి.

పాతదా, పెదనాన్నా? సాయిదుర్గ వాళ్ళ నాన్నగారు తనకి కొత్తది కొనిచ్చారు. పుస్తకమంత పల్చగా ఉంది. తెరిస్తే గదంతా వెలుగు. దాని పక్కన నేను ఎవరో వాడి తీసేసిన నల్ల పెట్టె తెరుచుకుని కూర్చోవాలి కదా అనిపించి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత మా మేడంని అడిగాను. ఆవిడ లెక్కలన్నీ చూసి, "ముప్పై వేల లోపు కొత్తవాటిలో ఇంత మంచిది దొరకదు, తీసేసుకో" అన్నారు. కాబట్టి సరే.

తొందరగా పంపించండి. నవంబరులోపు నా చెయ్యి బాగా తిరగాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీ తబిత


రామచంద్రపురం,
4-8-2024.

చిరంజీవి తబితకు,

మార్జిను బాగుంది.

వచ్చే ఆదివారం మీ నాన్న హాస్టలుకి వస్తూ లాప్‌టాప్ తెస్తాడు. నేను దానికి ఒక చిన్న పని చేసి పంపుతున్నాను. రెండు రోజులు పట్టింది. మీ పెద్దమ్మ భూతద్దం పట్టుకుని కూర్చుంది. ఏమిటన్నది తెరిచాక నీకే తెలుస్తుంది. నన్ను తలుచుకుంటావు.

పెదనాన్న


రాజమండ్రి,
ఆగస్టు 12.

పెదనాన్నా,

ఏంటండీ ఇది?

కీబోర్డు మీద ఒక్క అక్షరం లేదు. అన్నిటికీ నల్ల పెయింటు వేసేశారు! అంకెలు కూడా లేవు. నిన్న సాయంత్రం నాన్న వెళ్ళాక అందరి ముందూ తెరిచాను. మా అంతస్తులో ఉన్న పధ్నాలుగు మందీ వరసకట్టి వచ్చి చూసి నవ్వి వెళ్ళారు. పాస్‌వర్డు కొట్టడానికి సాయిదుర్గ లాప్‌టాప్ పక్కన పెట్టుకుని, అందులో అక్షరం ఎక్కడుందో చూసి, ఇందులో లెక్కపెట్టుకుని నొక్కాను. మూడుసార్లు తప్పు పడింది. ఏడుపొచ్చేసింది.

పదో తరగతి సెలవుల్లో మీ దగ్గర ఆరు రోజులు నేర్చుకుని మానేశానని ఇంకా కోపమా? అయితే అప్పుడే తిట్టాల్సింది. మా నాన్న డబ్బుతో కొన్న వస్తువు మీద చూపించడం ఎందుకు?

మీకొక సంగతి చెప్పలేదు. ఇప్పుడు చెప్పేస్తాను. మొదటి సంవత్సరం సి ప్రోగ్రామింగ్ ల్యాబ్ పరీక్షలో నేను తప్పాను. ప్రోగ్రామ్ తెలుసు పెదనాన్నా, కాగితం మీద అయితే మొత్తం రాసేదాన్ని. కానీ పరీక్షలో ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. ఏడాదిలో నేను కీబోర్డు ముట్టుకున్నది ఎంత? అక్షరాలు వెతుక్కునేసరికి టైము అయిపోయింది. నవంబరులో మళ్ళీ రాయాలి. అదీ పోతే నేను ఈ చదువుకి పనికిరానని నాకే నమ్మకం కుదిరిపోతుంది. నాన్నకి తెలియదు. పాసయ్యానని చెప్పాను. జూన్‌లో మిల్లులో అందరికీ ఆయన లడ్డూలు పంచారు.

అక్షరాలు కనబడే కీబోర్డు మీదే కొట్టలేనిదాన్ని, కనబడని దాని మీద ఎలా కొడతాను? మీరే చెప్పండి.

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను. ఇది మూడోది.

తబిత


రామచంద్రపురం,
18-8-2024.

అమ్మా తబితా,

నీ ఉత్తరం మీ పెద్దమ్మ చదివింది, తర్వాత నేను చదివాను. ఆ తర్వాత ఆవిడ నాతో ఒక పూట మాట్లాడలేదు. "వద్దండీ, పిల్లని అడిగి వెయ్యండి అని నేను ముందే మొత్తుకున్నాను కదా" అంది. మొత్తుకుంది నిజమే. ఆ మాట నాకు వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నానో, ఇప్పుడు ఏం చెప్పినా నమ్మదు.

తప్పు నాదే. కోపం మాత్రం కాదు, అది నమ్ము. మన ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన ప్రతివాళ్ళకీ మొదటి రోజు నుంచీ అక్షరాలు చెరిపేసిన మిషనే ఇచ్చేవాణ్ణి. అక్షరం కనబడితే కన్ను కిందికి పోతుంది, కన్ను పోయిన చోటికల్లా వేలు పోతుంది, ఇక ఎప్పటికీ చూసుకునే కొడతారు. నువ్వు ఆ ఆరు రోజులూ కూర్చున్నదీ అలాంటి మిషన్ మీదే. ముప్పై ఏళ్ళు చేసిన పని కదా, నీ లాప్‌టాప్ బల్ల మీద పెట్టగానే నా చెయ్యి పెయింటు డబ్బా వైపు పోయింది. నువ్వు అడగలేదన్న ఆలోచనే రాలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. రెండేళ్ళుగా నా దగ్గరికి నేర్చుకోవడానికి ఒక్కరూ రాలేదు. రోజూ తాళం తీసి, మిషన్లు తుడిచి, మళ్ళీ తాళం వేసి వస్తున్నాను. నీకోసం కాకినాడలో కళ్ళు మూసుకుని కొడుతుంటే మళ్ళీ నాకొక స్టూడెంటు దొరికినట్టే అనిపించింది. నీ చదువు మర్చిపోయి నా సంబరంలో పడ్డాను.

పెయింటు చెరిపే మందు కొన్నాను. సెప్టెంబరు ఒకటిన, ఆదివారం, ఆరాధన కాగానే బస్సెక్కి వస్తాను. సువార్తమ్మగారి ముందు కూర్చుని ఒక్కొక్క కీ తుడిచి ఇచ్చి వెళతాను. పోకపోతే బుజ్జిబాబు కీబోర్డు మార్చి ఇస్తానన్నాడు, ఆ ఖర్చు నాది.

ఈలోగా చెయ్యి ఖాళీగా ఉంచకు. చూపుడు వేళ్ళతో తడుము. రెండు కీల మీద సన్నటి గీత తగులుతుంది. ఎడమది ఎఫ్, కుడిది జె. పెయింటు కింద కూడా తెలుస్తుంది. అక్కడ వేళ్ళు ఆనించి మిగతావి పక్కపక్కన పరిచెయ్యి. మీ ప్రోగ్రాములో ప్రతి లైను చివరా సెమికోలన్ పెట్టాలట, బుజ్జిబాబు చెప్పాడు. అది నీ కుడి చిటికెన వేలి కిందే ఉంది. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. రోజుకి అరగంట ఆ ఒక్క వరసే కొట్టు, తప్పు పడితే పడనీ.

పరీక్ష సంగతి మీ నాన్నకి నేను చెప్పను. అది నువ్వు చెప్పాల్సిన మాట.

క్షమించమని అడుగుతూ,
పెదనాన్న


రాజమండ్రి,
ఆగస్టు 27.

ప్రియమైన పెదనాన్నకి,

ఒకటో తారీకున రావద్దు. వస్తే ఊరికే చూడ్డానికి రండి, మందు సీసా తేవద్దు. ఈ ఉత్తరం స్పీడు పోస్టులో పంపుతున్నాను.

ఏం జరిగిందో చెబుతాను. మీ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ కోపంగానే రోజూ అరగంట కొట్టాను. మొదటి రెండు రోజులు ఒక్క పదం సరిగ్గా పడలేదు. మూడో రోజు సెమికోలన్ దానంతట అదే పడింది. మీరు నవ్వుతారేమో గానీ నాకు భలే సంతోషం వేసింది. చిటికెన వేలిని చూసుకున్నాను.

మొన్న శుక్రవారం ల్యాబ్‌లో కరెంటు పోయి కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి. మేడం లాప్‌టాప్‌లున్న వాళ్ళని తెరవమన్నారు. సాయిదుర్గది చార్జింగ్ అయిపోయింది. నాది తెరిచాను. నేను మెల్లగా ఒక్కో అక్షరం కొడుతున్నాను. ఎప్పటిలాగే గణేష్‌బాబు, "అబ్బా, ఇలా తే, నేను కొట్టేస్తా" అని లాప్‌టాప్ తన వైపు లాక్కున్నాడు. రెండు చేతులూ పెట్టాడు. కిందికి చూశాడు. అంతా నలుపే. అలాగే ఉండిపోయాడు. సాయిదుర్గ పకపకా నవ్వేసింది. "ఇదేంటి తబితా, ఎక్కడేముందో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. "నాకు తెలుస్తుంది" అన్నాను. అప్పటికి నాకు తెలిసింది ఒక్క వరసే, అది మాత్రం చెప్పలేదు. అతను మళ్ళీ నా వైపు తోసేశాడు.

ఆ గంట మొత్తం నేనే కొట్టాను పెదనాన్నా, మిగతా వరసలు తడుముకుంటూ, తప్పు పడితే చెరుపుకుంటూ. పదకొండు లైన్లే అయ్యాయి. వాళ్ళిద్దరూ చెరోవైపు కూర్చుని, "ఇక్కడ స్పేసు, అక్కడ కామా" అని చెబుతూ ఉన్నారు. ఆ కాలేజీలో నా ఎదుట ఉన్న కీబోర్డు గంటసేపు నా ఎదుటే ఉండడం అదే మొదటిసారి.

ఆ రోజు రాసిన మాటలకి నన్నూ క్షమించండి. తర్వాతి పాఠం పంపించండి. పెద్దమ్మని మీతో మాట్లాడమన్నానని చెప్పండి.

మీ తబిత


రామచంద్రపురం,
9-9-2024.

చిరంజీవి తబితకు,

మాట్లాడుతోంది. ఆపడమే కష్టంగా ఉంది.

రెండో పాఠం, మూడో పాఠం జతపరిచాను. బొమ్మలు మీ పెద్దమ్మ గీసింది. బొటనవేలు లావుగా వచ్చింది, పట్టించుకోకు. రోజుకి గంట కొట్టు. వేగం గురించి ఇప్పుడే కంగారుపడకు, తప్పులు తగ్గించు.

ఒక చిక్కొచ్చింది. మీ ప్రోగ్రాముల్లో మీసాల్లాంటి బ్రాకెట్లు ఉంటాయని బుజ్జిబాబు రాసి చూపించాడు. మన మిషన్ల మీద అవి లేవు. ఎన్ని వందలమందికో నేర్పినవాణ్ణి, దానికి ఏ వేలు వాడాలో నాకు తెలియదు! అందుకని గురువారం కాకినాడ వెళ్ళి వాడి కొట్లో స్టూలు వేసుకుని కూర్చుని నేర్చుకున్నాను. ఎడమ చిటికెన వేలితో షిఫ్టు నొక్కి పట్టుకో. కుడి చిటికెన వేలు పి దాటి ఒక గడి వెళ్ళాలి, మూసే బ్రాకెట్‌కి రెండు గడులు. మొదట్లో నాకు పదింట నాలుగు తప్పు పడ్డాయి. తెరిచిన ప్రతి బ్రాకెట్టూ ముయ్యాలట కదా? మూసిందో లేదో కళ్ళతో కాదు, కొట్టేటప్పుడే లెక్కపెట్టుకో.

ఈ వయసులో నేను కొత్త కీ నేర్చుకున్నానని మీ పెద్దమ్మ వీధి వీధంతా చెబుతోంది. నాకు లోపల గర్వంగానే ఉంది.

మీ నాన్న మొన్న వచ్చి నీ చదువు గురించి అడిగాడు. బాగా కష్టపడుతోంది అన్నాను. అబద్ధం చెప్పలేదు.

పెదనాన్న


రాజమండ్రి,
డిసెంబరు 15.

ప్రియమైన పెదనాన్నకి, పెద్దమ్మకి,

పాసయ్యాను! మొన్న సాయంత్రం రిజల్టు వచ్చింది.

ముందు నాన్న సంగతి చెబుతాను. నిన్న శనివారం సువార్తమ్మగారు ఫోనిచ్చారు. నాన్నకి మొత్తం చెప్పేశాను, జూన్‌లో తప్పిన సంగతి, అబద్ధం చెప్పిన సంగతి. వెనక మిల్లు చప్పుడు ఒక్కటే వినిపించింది. తర్వాత, "అన్నయ్యకి తెలుసా?" అన్నారు. ఆగస్టు నుంచీ తెలుసు నాన్నా అన్నాను. "నాకు చెప్పకపోతే పోనీ, ఒక్కదానివే మొయ్యలేదు కదా, అది చాలు" అన్నారు. నా వెనక పదిమంది ఫోను కోసం నిలబడి ఉన్నారు, ఎవరూ తొందర పెట్టలేదు.

ఇప్పుడు పరీక్ష గురించి. ఇన్నాళ్ళూ రాయలేదు ఎందుకంటే, రిజల్టు రాకుండా రాస్తే గొప్పలు పోయినట్టు ఉంటుందని.

మూడు గంటల పరీక్ష. నన్ను కిటికీ పక్క కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టారు. ఇచ్చిన అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి వరస పెట్టాలి, అదీ ప్రోగ్రామ్. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరుగారి పేరు ఉషారాణిగారు, చాలా స్ట్రిక్టు అని అందరూ ముందే భయపెట్టారు. నేను వేళ్ళు ఆనించి మొదలుపెట్టాను. గంటలోపే మొత్తం కొట్టేశాను. పోయినసారి ఆ టైముకి నావి ఆరు లైన్లు. తెర మీద నా ప్రోగ్రామ్ అంత పొడుగ్గా ఉండడం చూసి నాకే నమ్మకం కలగలేదు.

రన్ చేస్తే ఎర్రర్ వచ్చింది. సరిగ్గా అప్పుడే ఉషారాణిగారు నా వెనక్కి వచ్చి నిలబడ్డారు. ఒక నిమిషం చూశారు. తప్పు ఎక్కడో ఆవిడకి తెలిసిపోయినట్టుంది. "జరగమ్మా, నేను చూపిస్తాను" అని కీబోర్డు మీదికి చెయ్యి చాపారు. ఆవిడ మంచికే అన్నారు పెదనాన్నా, సాయం చేద్దామనే. నా కుర్చీ అప్పుడే సగం వెనక్కి జరిగింది కూడా. అలవాటు కదా.

కానీ నా వేళ్ళు ఎఫ్ మీదా జె మీదా అలాగే ఉన్నాయి. వాటిని తియ్యబుద్ధి కాలేదు. నేను ఎప్పుడూ ఎవరితోనూ అనని మాట అనేశాను. "వద్దండి మేడం. ఒక్క నిమిషం ఇవ్వండి, నేనే చూసుకుంటానండి."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "సరే, చూసుకో" అని, పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మీరు చెప్పినట్టే బ్రాకెట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాను, చివరిది ముయ్యలేదు, కుడి చిటికెన వేలు రెండు గడులు జరిపి మూశాను, ప్రోగ్రామ్ నడిచింది.

మీ తబిత